గాలి పెంచాం... మరి పెట్రోలో?

ప్లగ్గు తెల్లగా ఉంది. మామూలు తెలుపు కాదు, సున్నం పూసి ఆరబెట్టినట్టు పొడితెలుపు. పింగాణీ మీద అక్కడక్కడా ఆవగింజ కంటే చిన్నవి, వెండి చుక్కలు మెరుస్తున్నాయి. మేస్త్రి దాన్ని పాత బనియన్ గుడ్డతో పట్టుకుని ఎండకేసి తిప్పాడు.

"ఈ చుక్కలేంటో తెలుసా బాబూ? నీ పిస్టనే. కరిగొచ్చి ఇక్కడ అంటుకుంది."

ఇరవై ఏళ్ల నాటి మాట. అప్పుడే నేనొక పాత బుల్లెట్ 350 కొన్నాను, పోత ఇనుప ఇంజన్‌ది. కొన్న నెలలోనే కంపెనీ సైలెన్సర్ తీయించి, లోపల అడ్డుగోడల్లేని పొట్టి గొట్టం బిగించాను. గాలి డబ్బా పీకేసి కార్బ్యురేటర్ మూతికి గరాటు ఆకారంలో ఉన్న ఫిల్టర్ తొడిగాను. అమ్మిన కొట్టతను "ఇంకేమీ ముట్టుకోనక్కర్లేదు, బిగించుకుని వెళ్లిపోవడమే" అన్నాడు. నమ్మాను.

వారం తిరక్కుండా విజయవాడ నుంచి హైదరాబాద్ బయల్దేరాను. ఏప్రిల్ నెల. కోదాడ దాటాక, మిట్టమధ్యాహ్నం, ఎనభై మీద నిలకడగా పోతున్న బండి ఉన్నట్టుండి గొంతు మార్చింది. నిండుగా వినపడే చప్పుడు కాస్తా రేకు డబ్బా మీద గరిటెతో కొట్టినట్టు పలచబడింది. ఐదారు సెకన్లు గడిచాయో లేదో వెనక చక్రం బిగుసుకుపోయింది. చెయ్యి దానంతటదే క్లచ్చు నొక్కింది కాబట్టి పడిపోలేదు. పక్కకు తీసి కిక్కు మీద నిలబడ్డా కడ్డీ కదల్లేదు. పిస్టన్ పట్టేసింది. బండీ నేనూ ఒక డీసీఎం వ్యానెక్కి వెనక్కొచ్చాం.

ఇప్పుడు మన ఊళ్లలో ఏ కాలేజీ గేటు ముందు నిలబడ్డా సైలెన్సర్ మార్చిన బండ్లే. సీటు కింద చూస్తే ఫిల్టరూ మారి ఉంటుంది. ఆ రెండింటికీ డబ్బు పోసినవాళ్లలో ఎక్కువమంది మూడో పని చేయించరు. గాలి రాకపోకలు మారాక దానికి తగ్గట్టు పెట్రోలు సరిదిద్దడమే ఆ మూడో పని. మొదటి రెండూ పావుగంటలో అయిపోతాయి. మూడోదానికి ఒక పూట పడుతుంది, ఓపిక కావాలి, పైగా చేశాక కంటికి కనపడదు, చెవికి వినపడదు. అందుకే అది ఆగిపోతోంది. అది చెయ్యని బండి, ఎంత బాగా మోగినా, సగం విప్పి వదిలేసిన బండి కిందే లెక్క.

ఎసరు లెక్క

బియ్యం పెంచి ఎసరు పెంచకపోతే ఏమవుతుందో ఇంట్లో ఎవర్నడిగినా చెబుతారు. ఇంజన్‌దీ అదే లెక్క. పెట్రోలు పూర్తిగా కాలాలంటే ఒక గ్రాముకు 14.7 గ్రాముల గాలి కావాలి. ఎక్సలేటర్ నిండా తిప్పి బలం లాగేటప్పుడు అంత గాలి పనికిరాదు, 12.5 నుంచి 13 మధ్య ఉండాలి. అంటే పెట్రోలు కాస్త చిక్కగా పడాలి.

పాత బుల్లెట్ ఇంజన్ 346 సీసీ. నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతుంటే 2,000 సార్లు గాలి పీలుస్తుంది. ప్రతిసారీ నిండుగా పీలిస్తే నిమిషానికి సుమారు 690 లీటర్లు. ఇంతా చేసి అంత గాలిలో కలిసేది ఒక చిన్న టీ గ్లాసుడు పెట్రోలు. అదంతా గుండుసూది దూరేంత రంధ్రంలోంచి రావాలి. ఆ ఇత్తడి రంధ్రాన్నే మన షెడ్లలో మెయిన్ జెట్టు అంటారు. అలాంటి రంధ్రం వెంట్రుకవాసి తేడా వచ్చినా ఇంజన్‌కు తెలుస్తుంది.

పెట్రోలు తగ్గితే మంట తగ్గాలి కదా, వేడెందుకు పెరుగుతుందని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నిండు ఎక్సలేటర్ మీద పడే ఆ అదనపు పెట్రోలు కాలడానికి కాదు, చల్లబరచడానికి. ఆవిరయ్యేటప్పుడు లోపలి వేడిని అది లాక్కుంటుంది. 13 దగ్గర ఉండాల్సిన లెక్క 15 వైపు జరిగితే ఆ చల్లదనం పోతుంది. మంట నెమ్మదిగా సాగి, సైలెన్సర్ వాల్వు తెరుచుకునే వేళకీ ఇంకా మండుతూనే ఉంటుంది. నీళ్లతో చల్లారే ఇంజన్ అయితే కొంత తట్టుకుంటుంది. గాలికి చల్లారే బుల్లెట్‌కు, మన ఏప్రిల్ ఎండలో, వేరే దిక్కులేదు.

ఇక గాలి డబ్బా సంగతి. గాలి ఎక్కువ పోతే కార్బ్యురేటర్ దానంతటదే పెట్రోలు ఎక్కువ లాగదా అనిపిస్తుంది. కొంత లాగుతుంది, కానీ చాలదు. కొబ్బరిబోండంలో స్ట్రా వేసి పీల్చేటప్పుడు నీళ్లను పైకి తోసేది బయటి గాలి ఒత్తిడి. కార్బ్యురేటర్ అడుగు కప్పులో ఉన్న పెట్రోలు మీదా అదే బయటి గాలి కూర్చుని ఉంటుంది. సన్నటి గొంతులోంచి గాలి జోరుగా పోతే అక్కడ ఒత్తిడి పడిపోతుంది, ఆ తేడా కొద్దీ పెట్రోలు పైకి వస్తుంది. కంపెనీ గాలి డబ్బా మూతి ఇరుకు. ఆ ఇరుకు వల్ల గొంతులో పీల్పు మరికాస్త ఎక్కువగా ఉంటుంది, జెట్టు నంబరు కూడా ఆ పీల్పును లెక్కలో వేసుకునే పెట్టారు. డబ్బా తీసేస్తే ఇరుకు పోయింది. అంతే గాలికి ఇప్పుడు పీల్పు తక్కువ, పెట్రోలూ తక్కువే. పైగా పీల్చే గాలి మొత్తం పెరిగింది. తేడా రెండు వైపుల నుంచీ వస్తుంది.

సైలెన్సర్ ప్రభావం ఇంత సూటిగా ఉండదు. కాలిన పొగ తేలిగ్గా పోతే లోపల మిగిలేది తగ్గి కొత్త గాలికి చోటు పెరుగుతుంది. అయితే గొట్టం పొడవును బట్టి ఒక వేగంలో లాగుడు పెరిగి ఇంకో వేగంలో పడిపోతుంది. మరీ పొట్టి గొట్టం పెట్టినవాళ్లు సిగ్నల్ దగ్గర బండి ముందులా లాగట్లేదని చెప్పడం అందుకే. చప్పుడు పెరిగింది కాబట్టి వేగం పెరిగిందనుకుంటాం. ఒకసారి స్పీడోమీటర్ పక్కన గడియారం పెట్టుకుని చూస్తే తెలిసిపోతుంది.

బండి ఈ సంగతి ముందే చెబుతుంది, మనం వినాలి. ఎక్సలేటర్ టక్కున తిప్పితే పొలమారినట్టు ఒక దగ్గు. వదిలేస్తే సైలెన్సర్లో పటపటమని టపాసులు. ఒకే వేగంలో పోతుంటే ముందుకూ వెనక్కూ ఎవరో గుంజుతున్నట్టు ఊగడం. ఐడ్లింగుకు వెంటనే దిగిరాకుండా పైనే వేలాడడం. వాల్వు దగ్గర బెండు పైపు నీలం రంగుకు తిరగడం. టపాసుల్ని కొందరు ముచ్చటగా చూస్తారు. గొట్టం అతుకులో గాలి లీకైనా అవి వస్తాయి కాబట్టి ముందు అతుకు చూడాలి. అతుకు బాగుండి కూడా పేలుతున్నాయంటే, ఎక్సలేటర్ మూసి ఉన్నప్పుడు పెట్రోలు పోసే పైలట్ జెట్టు దగ్గర అది చాలడం లేదు.

నిడమానూరు దాటాక, తెల్లవారుజామున

ఆటోనగర్ గేటు దగ్గర చిన్న రేకుల షెడ్డు మేస్త్రిది. నా సిలిండర్ బోరు కొట్టించి, ఒక సైజు పెద్ద పిస్టన్ వేసి, ఒక షరతు పెట్టాడు.

"సైలెన్సర్ ఉంచుకుంటే ఉంచుకో బాబూ. గాలి డబ్బా మాత్రం తిరిగి పెట్టాల్సిందే. మన దుమ్ముకి ఆ గరాటు పనికిరాదు."

డబ్బా లోపల ఉతుక్కునే నూలు ఫిల్టర్ అమిరింది. నూనె పట్టించి వాడేది. అమెరికాలోని కేఅండ్‌ఎన్ కంపెనీ 1969లో మొదలై ప్రపంచమంతా అలవాటు చేసిన రకం అది. వెయ్యి కిలోమీటర్లు మెల్లగా తిప్పమన్నాడు. ఆ వెయ్యికీ కావాలనే పెద్ద జెట్టు వేసిచ్చాడు. కొత్త పిస్టన్‌కు పెట్రోలు ఎక్కువైనా ఫర్వాలేదు, తక్కువ కాకూడదని అతని లెక్క.

ఆ తర్వాత ఒక ఆదివారం తెల్లారకముందే గన్నవరం రోడ్డెక్కాం. నేను నడపాలి, అతను వెనక కూర్చోవాలి. నిడమానూరు దాటాక ఆపించి జేబులోంచి తెల్ల ప్లాస్టర్ తీశాడు, డాక్టర్లు కట్టు కట్టే రకం. ఎక్సలేటర్ గ్రిప్పు అంచున ఒక ముక్క, కదలని భాగం మీద ఇంకో ముక్క అంటించాడు. కదలని ముక్క మీద ఒక గీత. గ్రిప్పు ముక్క మీద మూసినప్పుడు ఒక గీత, పావు, సగం, ముప్పావు, నిండుకు ఒక్కోటి. "ఇక బండి ఎక్కడ దగ్గిందో నోటితో చెప్పక్కర్లేదు, గీత చూసి చెప్పు" అన్నాడు.

ట్యూనింగ్ అంటే నాకు తెలిసింది ఆ ప్లాస్టర్ ముక్క దగ్గరే. అప్పటిదాకా అందరిలా "పికప్ లేదు మేస్త్రీ" అనేవాణ్ని. పికప్ లేదంటే ఎక్కడ లేదు? కార్బ్యురేటర్లో పెట్రోలు వచ్చే దారి ఒకటి కాదు. మూసిన దగ్గర్నుంచి పావు దాకా పైలట్ జెట్టూ, దాని పక్కనుండే స్క్రూ. పావు నుంచి ముప్పావు దాకా సూది. ముప్పావు దాటితే మెయిన్ జెట్టు. సగం గీత దగ్గర దగ్గే బండికి మెయిన్ జెట్టు మార్చి లాభం లేదు. ఊళ్లో రోజూ తిరిగేది పావు, సగం మధ్యలోనే, అంటే సూది రాజ్యం. అయినా నూటికి తొంభై మంది షెడ్డుకొచ్చి అడిగేది "పెద్ద జెట్టు వెయ్యండి" అనే.

మొదట పైనుంచి మొదలుపెట్టాడు. రెండు మెట్లు పెద్ద మెయిన్ జెట్టు వేశాడు. మూడో గేరులో నిండా తిప్పమన్నాడు. బండి బరువుగా, నోట్లో అన్నం కుక్కుకుని మాట్లాడినట్టు గొణిగింది. "ఎక్కువైంది. ఒక మెట్టు దించుదాం." కాక్ మూసి, అడుగు కప్పు విప్పి, పెట్రోలు సీసాలో పట్టి, జెట్టు మార్చడానికి పది నిమిషాలు. ఈసారి శుభ్రంగా లాగింది. నిండు ఎక్సలేటర్ మీదే ఇంజన్ ఆపించి, క్లచ్చు నొక్కించి, అలాగే దొర్లుతూ ఆగనిచ్చాడు. ఐడ్లింగ్ మీద వస్తే ప్లగ్గు రంగు మారిపోతుంది, అందుకని. వేడి ప్లగ్గు విప్పి చూశాడు. కొత్త ప్లగ్గు అది, ఆ పరుగు కోసమే వేసింది. పైకొస కాదు, పింగాణీ లోపల అడుగున ఇనుములో కలిసేచోట సన్నటి ఉంగరంలా పలచటి టీ రంగు.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. ప్లగ్గు మొత్తం ఇటుక రంగులో ఉంటే బండి బాగున్నట్టని పాత మేస్త్రీలు నేర్చుకున్నది సీసం కలిపిన పెట్రోలు రోజుల్లో. 2000 సంవత్సరం నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. ఇప్పటి ప్లగ్గులు సరైన కొలతలో కూడా వెలవెలబోతూనే కనపడతాయి. పైన చూసి బెదిరిపోయి పెట్రోలు పెంచుకుంటూ పోతే కార్బన్ పట్టడం తప్ప ఒరిగేది లేదు. చూడాల్సింది అడుగునే.

తర్వాత సూది. దాని మీద ఐదు గాళ్లు, మధ్యలో ఒక క్లిప్పు. క్లిప్పు ఒక గాడి కిందికి పెడితే సూది పైకి లేస్తుంది, పెట్రోలు పెరుగుతుంది. తిరకాసుగా ఉంటుంది కాబట్టే చాలామంది తలకిందులుగా పెడతారు. ఒక్క గాడి మార్పుతో సగం గీత దగ్గరి గుంజుడు పోయింది.

చివరికి స్క్రూ. ఇంజన్ బాగా వేడెక్కాక, మెల్లగా చివరిదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు విప్పి, అక్కణ్నుంచి అటూ ఇటూ పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఇంజన్ ఎక్కడ చురుగ్గా తిరుగుతుందో చెవితో పట్టుకున్నాడు. నా బండి కార్బ్యురేటర్లో ఆ స్క్రూ ఫిల్టర్ వైపుంటుంది, అది గాలి స్క్రూ. విప్పితే పెట్రోలు పలచబడుతుంది. తర్వాతి కాలపు కార్బ్యురేటర్లు చాలావాటిలో స్క్రూ ఇంజన్ వైపుంటుంది. అది మిక్చర్ స్క్రూ, విప్పితే చిక్కబడుతుంది. ఈ రెండూ ఒకటేననుకుని తిప్పి బండి పాడుచేసుకున్నవాళ్లను నేను చూశాను. ఇంకొకటి, గాలి స్క్రూ దాదాపు పూర్తిగా బిగిస్తే తప్ప ఐడ్లింగ్ కుదరడం లేదంటే పైలట్ జెట్టే చిన్నదైందని అర్థం. స్క్రూతో దాన్ని సరిదిద్దలేం.

మొత్తం మూడున్నర గంటలు పట్టింది. ఎండెక్కాక కేసరపల్లిలో ఇడ్లీ తిన్నాం. కూలి ఎంతని అడిగితే జెట్లకే తీసుకున్నాడు.

ఇరవై శాతం ఇథనాల్

పాత బుల్లెట్లు, యమహాలు ఇంకా నడుపుకుంటున్నవాళ్లు ఇప్పుడు ఇంకో లెక్క వేసుకోవాలి. 2023 నుంచి మన బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ దానితోపాటే ఉంటుంది కాబట్టి గ్రాముకు 9 గ్రాముల గాలి చాలు. 20 శాతం కలిసిన పెట్రోలుకు లెక్క 14.7 నుంచి 13.5 దగ్గరికి దిగుతుంది. అంటే అంతే గాలికి ఎనిమిది తొమ్మిది శాతం ఎక్కువ ఇంధనం పడాలి. కార్బ్యురేటర్‌కు ఈ సంగతి తెలియదు, పాత రంధ్రంలోంచి పాత కొలతే పోస్తుంది. సైలెన్సర్ మార్చి, ఫిల్టర్ మార్చి, జెట్టు మార్చని బండి ఇప్పుడు మూడు వైపుల నుంచి పలచబడి నడుస్తోంది. దాని పిస్టన్ గురించే నా బెంగ.

లడఖ్ వెళ్లే పిల్లలకు దీనికి తిరగేసిన కథ. ఖర్దుంగ్ లా ఎత్తు 5,359 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సగమే. విజయవాడలో సరిగ్గా ఉన్న జెట్టు అక్కడ పెట్రోలు ఎక్కువై నల్లపొగ కక్కుతుంది. కార్బ్యురేటర్ బండి మీద వెళ్లేవాళ్లు చిన్న జెట్టొకటి వెంట తీసుకెళ్లడం మంచిది.

కంప్యూటర్ ఉన్న బండి

2020 ఏప్రిల్ 1న బీఎస్6 కాలుష్య నియమాలు వచ్చాక కార్బ్యురేటర్ దాదాపుగా పోయింది. ఇప్పటి క్లాసిక్ 350లో జెట్టు లేదు, సూది లేదు. ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరుచుకోవాలో ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ చెబుతుంది. బయటికి పోయే పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో పైపులో ఒక సెన్సర్ చూస్తుంటుంది. దాన్ని చూసుకుని "కంప్యూటరే సర్దుకుంటుంది, మనం చెయ్యాల్సిందేం లేదు" అని అమ్మకందార్లు చెబుతారు. అందులో నిజం సగమే.

నిలకడగా, తేలిగ్గా పోయేటప్పుడు సెన్సర్ చెప్పిన మాట విని ఈసీయూ సర్దుకుంటుంది. దానికీ ఒక హద్దుంది. నిండా తిప్పితే మాత్రం సెన్సర్ మాట పక్కన పెట్టి, కంపెనీ ముందే రాసిపెట్టిన పట్టిక ప్రకారం పోస్తుంది. ఎందుకంటే బండ్లలో వచ్చే మామూలు సెన్సర్‌కు పెట్రోలు ఎక్కువా తక్కువా అన్నదే తెలుసు, ఎంత అన్నది తెలియదు. ఆ పట్టిక పాత సైలెన్సర్‌కూ పాత డబ్బాకూ రాసింది. కాబట్టి సరిదిద్దాల్సింది కూడా అక్కడే, ప్రమాదం ఎక్కువగా ఉన్న చోట.

సైలెన్సర్ ఒక్కటే, అదీ కంపెనీ గొట్టానికి దగ్గరగా ఉన్నది మార్చి, గాలి డబ్బా ముట్టుకోకపోతే చాలా బండ్లు ఆ హద్దులోనే సర్దుకుంటాయి. రెండూ మారిస్తే ఇంజెక్టర్‌కూ ఈసీయూకూ నడుమ కూర్చునే పెట్టె పెట్టాలి, లేదా పట్టికే తిరగరాయించాలి. బెంగళూరు రేస్ డైనమిక్స్ తయారుచేసే పవర్‌ట్రానిక్, అమెరికా డైనోజెట్ వారి పవర్ కమాండర్ ఈ కోవలోవే. పెట్టె కొన్నంత మాత్రాన పనైపోదు. బలం కొలిచే డైనో రోలర్ మీద బండి ఎక్కించి, గాలీ పెట్రోలూ నిష్పత్తిని అంకెల్లో చూపే వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి, ఒక్కో వేగానికి ఒక్కో గడి నింపుకుంటూ పోవాలి. మేస్త్రి ప్లాస్టర్ గీతలకూ దీనికీ పద్ధతిలో తేడా లేదు, గీతలు ఐదు కాకుండా కొన్ని వందలు, అంతే.

వీటికి డబ్బెందుకని ఆన్‌లైన్‌లో రెండు మూడొందలకు దొరికే చిన్న రెసిస్టర్ ముక్క తగిలించేవాళ్లున్నారు. అది లోపలికి వచ్చే గాలి చల్లగా ఉందని ఈసీయూకు అబద్ధం చెబుతుంది. ఈసీయూ నమ్మి అవసరం ఉన్నచోటా లేనిచోటా పెట్రోలు కుమ్మరిస్తుంది. ఆ కాలని పెట్రోలు వెళ్లి, పొగలోని విషాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని లోపల్లోపలే పాడుచేస్తుంది. మైలేజీ పోతుంది, ఇంజనాయిల్ పలచబడుతుంది. దాని జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను.

క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పీకించేవాళ్లతోనూ నాకు పేచీయే. కొన్ని బండ్లలో అది సైలెన్సర్‌లో ఉంటుంది, కొన్నింటిలో బెండు పైపులోనే. అది తీస్తే వచ్చే బలం కొంచెం. వదిలే విషం, మన వెనక సిగ్నల్ దగ్గర స్కూటీ మీద పిల్లను ముందు నిలబెట్టుకున్న తల్లి పీల్చాలి. చట్టం కూడా ఊరుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ కొలతలకు విరుద్ధంగా బండి మార్చకూడదంటుంది. 190వ సెక్షన్ కింద చప్పుడు, పొగ హద్దు మీరితే మూడు నెలల దాకా జైలో, 10,000 రూపాయల దాకా జరిమానానో, రెండూనో. 175 సీసీ దాటిన బండికి కంపెనీ పరీక్షలో చప్పుడు హద్దు 80 డెసిబెల్స్. సైలెన్సర్ కొనేముందు ఆ అంకె అడగండి. చెప్పలేని కొట్లో కొనకండి.

గరాటు ఫిల్టర్ మీద మేస్త్రి మాటే నా మాట. ఖమ్మం వైపు గ్రానైట్ లారీల వెనక, వరి కోతలప్పుడు గడ్డి ట్రాక్టర్ల వెనక గంటసేపు పోతే మొహం మీద ఎంత దుమ్ము పడుతుందో ఇంజన్‌కూ అంతే పడుతుంది. పైగా డబ్బా లేని ఫిల్టర్ పీల్చేది ఇంజన్ పక్కనున్న వేడి గాలిని. వానొస్తే నీళ్లని. రేసుల్లో వాడే వస్తువు రేసుల్లోనే బాగుంటుంది. అక్కడ ఇంజన్‌ను తరచూ విప్పి చూస్తారు.

ఆ ఆదివారం షెడ్డుకు తిరిగొచ్చాక మేస్త్రి పాత మెయిన్ జెట్టును పెట్రోలుతో కడిగి, ఖాళీ అగ్గిపెట్టెలో దూది మీద పెట్టి, పైన దాని నంబరూ, సూది క్లిప్పు మొదట ఏ గాడిలో ఉండేదో, గాలి స్క్రూ ఎన్ని చుట్లు విప్పి ఉండేదో బాల్‌పెన్నుతో రాశాడు. "పారెయ్యకు" అని నా చేతిలో పెట్టాడు. ఎనిమిదేళ్లు టూల్ బాక్సులో ఉంది. మా అమ్మాయి పుట్టాక, రాత్రిపూట బండి వీధి మలుపు తిరగ్గానే ఉలిక్కిపడి లేస్తోందని పాత సైలెన్సర్ మళ్లీ బిగించాను. అగ్గిపెట్టె తీసి అందులో రాసినట్టే జెట్టు, సూది, స్క్రూ పాత చోట్లకు తెచ్చాను. కిందటేడు ఇథనాల్ పెట్రోలుతో సగం గీత దగ్గర మళ్లీ గుంజుడు మొదలైతే క్లిప్పు ఒక గాడి దించాను. అది కూడా అగ్గిపెట్టె మీద, మేస్త్రి రాత కింద, తేదీతో సహా రాసి పెట్టాను.